ఆ ఒక్క సంతకం విలువ ఎంత? పుట్టింటి పొలంలో ఆడపిల్లల వాటా లెక్క

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో ఒక పల్లెటూరు. నాకు 50 ఏళ్లు. మేం నలుగురం: అక్క, అన్నయ్య, నేను, తమ్ముడు. అక్క పెళ్లి 1984లో, నా పెళ్లి 1996లో అయ్యాయి. నాన్న 2017లో పోయారు. వీలునామా ఏమీ రాయలేదు. అమ్మ తమ్ముడి దగ్గర ఉంటుంది. 1972లో నాన్నకు వాళ్ల అన్నదమ్ముల పంపకంలో 6 ఎకరాలు వచ్చింది. తర్వాత ఆయన సొంతంగా ఎకరన్నర కొన్నారు, ఇల్లు కట్టారు. 2018లో పొలం మొత్తం అన్నయ్య, తమ్ముడు చెరిసగం పాసుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు ఎకరం 30 లక్షలకు బేరం కుదిరిందట. ఆడపిల్లల సంతకాలు కూడా కావాలని కొనేవాళ్ల లాయరు అన్నాడట. వచ్చే నెల రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చి ఒక్క సంతకం పెట్టండి, పసుపు కుంకుమ కింద తలా 3 లక్షలు ఇస్తాం అంటున్నారు. వాటా మాట ఎత్తితే ‘కట్నం ఇచ్చి, పది కాసుల బంగారం పెట్టి పెళ్లి చేశాంగా’ అన్నాడు అన్నయ్య. అక్కకైతే ‘నీ పెళ్లి చట్టం రాకముందే అయింది, నీకసలు హక్కే లేదు’ అన్నాడు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: హక్కు లేని మనిషి సంతకానికి ఎవరూ 3 లక్షలు ఇవ్వరమ్మా. మీ అన్నయ్య ఏమన్నా, కొనేవాళ్ల లాయరుకు విషయం తెలుసు. మీరూ మీ అక్కగారూ సంతకం పెట్టకపోతే రేపు ఆ పొలం మీద దావా పడుతుందని, తన క్లయింటు డబ్బు ఇరుక్కుంటుందని అతని భయం. కాబట్టి తొందర వాళ్లది, మీది కాదు. మీ వాటా ఎంతో లెక్క తేలేదాకా ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. నెల ఆలస్యమైనంత మాత్రాన మీ హక్కు ఎక్కడికీ పోదు. రిజిస్టరైన ఒక్క విడుదల దస్తావేజుతో (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితంతో) మాత్రం పోతుంది.

అక్కగారి సంగతితో మొదలుపెడదాం, ఎందుకంటే అన్నయ్య చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ చట్టం చేసింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదని అందులోనే రాశారు. ‘చట్టం రాకముందు పెళ్లయింది’ అనే మాట ఊళ్లలో ఇంకా తిరుగుతున్నది అందుకే. మీకప్పటికి పదేళ్లు కాబట్టి ఆ చట్టం కిందే మీకు హక్కు వచ్చేసింది. అక్కగారికి రాలేదు. అయితే 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, సెప్టెంబరు 9 నుంచి పెళ్లి ఎప్పుడైందన్న గీతే లేకుండా చేసింది. ఇప్పుడు మీ ఇద్దరి హక్కూ ఒకటే. తండ్రి 2005 సెప్టెంబరు 9 నాటికి బతికి ఉండాలా వద్దా అన్న తగాదా కొన్నాళ్లు నడిచింది. బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది. మీ నాన్నగారు 2017లో పోయారు గనక మీకు ఆ తగాదా కూడా లేదు.

ఇక లెక్క. 6 ఎకరాలు నాన్నగారికి వాళ్ల ఉమ్మడి ఆస్తి పంపకంలో వచ్చాయి కాబట్టి అది పిత్రార్జితం. అందులో నాన్నగారు, మీరు నలుగురు పిల్లలు సమాన హక్కుదారులు, అంటే అయిదు భాగాలు. ఒక్కొక్కరికి ఎకరం 20 సెంట్లు. నాన్నగారు పోయాక ఆయన ఎకరం 20 సెంట్లు మళ్లీ అయిదుగురికి పంచాలి: అమ్మగారు, నలుగురు పిల్లలు. తలా 24 సెంట్లు. అంటే ఈ 6 ఎకరాల్లో మీ వాటా ఎకరం 44 సెంట్లు, అమ్మగారిది 24 సెంట్లు. నాన్నగారు కొన్న ఎకరన్నరలో అయిదుగురికీ తలా 30 సెంట్లు. రెండూ కలిపితే మీకు ఎకరం 74 సెంట్లు. అక్కగారికీ అంతే, అన్నయ్యకీ అంతే, తమ్ముడికీ అంతే. కుదిరిన ధర ప్రకారం మీ భాగం విలువ 52 లక్షల 20 వేలు. 3 లక్షలు దేనికి బదులుగా ఇస్తున్నారో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఇంట్లో అయిదో వంతు దీనికి అదనం. అన్నదమ్ములు పంచుకునేదాకా ఉంటున్న ఇంట్లో కూతురు వాటా అడగకూడదన్న నిబంధన ఒకటి పాత చట్టంలో ఉండేది. 2005లోనే దాన్ని తీసేశారు.

ఒక చిన్న మెలిక ఉంది. ఆ 6 ఎకరాలు మీ తాతగారి స్వార్జితమై, ఆయన 1956 తర్వాత పోయి ఉంటే, అది నాన్నగారి చేతికి వచ్చేసరికి ఆయన సొంత ఆస్తి అయిపోయిందన్న వాదన వస్తుంది. అలా తేలినా మొత్తం ఏడున్నర ఎకరాలు అయిదుగురికీ సమానంగా తలా ఎకరన్నర వస్తుంది. మీకు 24 సెంట్లు తగ్గుతుంది, అమ్మగారికి బాగా పెరుగుతుంది. వీలునామా లేదు గనక ఏ లెక్కన చూసినా మీ వాటా సున్నా కాదు. 1972 నాటి పారీఖత్తు (పంపకపు దస్తావేజు) నకలు చూస్తే ఏ లెక్క వర్తిస్తుందో లాయరు చెప్పగలుగుతారు.

కట్నం మాటకు వద్దాం. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరాలు. చేసిన నేరాన్ని చూపించి చెల్లెలి వాటా తగ్గించమని ఏ కోర్టులోనూ అడగలేరు. పైగా ఆ డబ్బు వెళ్లింది మీ అత్తవారింటికి, మీ పేరు మీదకి కాదు. మీకు పెట్టిన బంగారం మీ స్త్రీధనం, దానికీ పొలం వాటాకీ లంకె లేదు. అన్నయ్య చదువుకీ పెళ్లికీ అయిన ఖర్చును ఆయన వాటాలోంచి ఎవరూ మినహాయించలేదు కదా. పాసుపుస్తకం సంగతీ అంతే. అందులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, ఎక్కనంత మాత్రాన పోదు. అది రెవెన్యూ రికార్డు, అంతవరకే.

మీరు గట్టిగా నిలబడ్డాక వాళ్ల వైపు నుంచి రాబోయే మాటలు సాధారణంగా రెండు. మొదటిది, ‘నాన్న ఉన్నప్పుడే పంపకాలు అయిపోయాయి, పెద్దమనుషుల ముందు నోటిమాటగా’ అనడం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపక దస్తావేజు గానీ కోర్టు డిక్రీ గానీ ఉంటేనే ఆ పంపకం చెల్లుతుందని చట్టం. నోటిమాట పంపకాన్ని చాలా అరుదుగా, ప్రభుత్వ రికార్డుల్లో దానికి గట్టి రుజువు ఉన్నప్పుడే ఒప్పుకోవాలని వినీతా శర్మ తీర్పు. 2018 పాసుపుస్తకాలు అందుకు పనికిరావు. రెండోది, ఉన్నట్టుండి వీలునామా బయటపడటం. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి తెల్లకాగితం మీద కూడా పుట్టుకురావచ్చు. కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, వాళ్లలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి రుజువు చేయాలి. అది నిజమే అనుకున్నా, 6 ఎకరాలు పిత్రార్జితమే అయితే నాన్నగారు రాయగలిగింది తన ఎకరం 20 సెంట్లు, తాను కొన్న ఎకరన్నర, తాను కట్టిన ఇల్లు, అంతే. పిత్రార్జితంలో పుట్టుకతో మీకు వచ్చిన ఎకరం 20 సెంట్లను ఏ వీలునామా తాకలేదు.

ఈ వారంలో చేయాల్సింది కాగితాలు పోగేయడం. ఎవరికీ చెప్పకుండా చేసుకోవచ్చు, తప్పేమీ లేదు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బి (పొలం ఎవరి పేరున ఉందో చూపేది), అడంగల్ (సాగు వివరాలు చూపేది) తీయండి. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం నంబరు వచ్చి ఉంటుంది, రెండూ రాసిపెట్టుకోండి. ఆ నంబర్ల మీద, నాన్నగారి పేరు మీద, అన్నదమ్ముల పేర్ల మీద ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. 2004కు ముందు రిజిస్టరైన పంపకం ఏదైనా ఉందా, ఇప్పటికే ఎక్కడైనా తాకట్టు పెట్టారా, అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేశారా అన్నవి అందులో తెలుస్తాయి. 1983కు ముందువి ఆన్‌లైన్‌లో దొరకవు, 1972 దస్తావేజు కోసం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వెతుకుడు దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ నకలు తీసుకోవాలి. నాన్నగారి మరణ ధ్రువపత్రం కావాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కాపీ తప్పక చూడండి. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) కోసం కూతుళ్ల పేర్లు ఎగ్గొట్టి ఆ పత్రం తీయించడం మామూలు వ్యవహారం అయిపోయింది. మీ పేర్లు లేకపోతే ఆ కాపీయే మీకు మంచి సాక్ష్యం. మీరు ఆయన కూతురని చూపించడానికి పదో తరగతి సర్టిఫికెట్టో, పాత రేషన్ కార్డో, పెళ్లి శుభలేఖో ఏది ఉంటే అది తీసి పెట్టుకోండి.

అన్నయ్యకు ఫోన్లో ఏం చెప్పాలి? ‘సంతకం పెట్టనని కాదు అన్నయ్యా, పెట్టాల్సిన దస్తావేజు డ్రాఫ్టు, కొనేవాళ్లతో రాసుకున్న ఒప్పందం జిరాక్సు పంపించు, చూసుకుని వస్తాను’ అనండి. అంతకంటే ఎక్కువ ఇప్పుడు వద్దు. వాట్సాప్‌లో కూడా అదే మాట రాసి పెట్టండి. కోపంలో ‘మీరే తినండి, నాకేం వద్దు’ అని మెసేజ్ పెట్టేవాళ్లుంటారు. దాంతో హక్కు పోదు గానీ, రేపు అవతలి లాయరు దాన్నే మొదటి కాగితంగా చూపిస్తాడు.

డ్రాఫ్టు వచ్చాక దాని పేరేమిటో చూడండి. మీ విషయంలో అన్నిటికంటే తేలికైన దారి, అమ్మకం దస్తావేజులో మీరిద్దరూ అన్నదమ్ములతో పాటు, అమ్మగారితో పాటు అమ్మకందార్లుగా చేరడం. బేరం ఎలాగూ కుదిరి ఉంది, భూమి హద్దులు పెట్టి విడగొట్టే పని ఉండదు, కోర్టు ఉండదు. మీ భాగం డబ్బు మీ పేరు మీద డీడీగా రిజిస్ట్రేషన్ రోజునే చేతికి రావాలి, ఆ డీడీ నంబరు దస్తావేజులో రాయాలి. అలా కాకుండా ముందు మీ చేత విడుదల దస్తావేజు రాయించుకుని తర్వాత వాళ్లిద్దరే అమ్ముకుంటామంటే ఒప్పుకోవద్దు. విడుదల రిజిస్టరైపోయాక డబ్బు రాకపోతే మీ చేతిలో ఏమీ మిగలదు. జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారం వేరొకరికి రాసివ్వడం) కూడా అంతే ప్రమాదం. సాక్షిగా సంతకం పెట్టు చాలు అంటే అదీ వద్దు. సాక్షి సంతకంతోనే హక్కు పోదు, కానీ అమ్మకం మీకు తెలిసే జరిగిందనడానికి ఆధారమవుతుంది.

దస్తావేజులో మధ్యలో దూర్చే రెండు వాక్యాలుంటాయి, వాటికోసం ప్రత్యేకంగా వెతకండి. ‘గతంలో నోటిమాటగా పంపకాలు జరిగి ఆడపడుచులు తమ హక్కు వదులుకున్నారు’ అన్నది ఒకటి. ‘కుటుంబపు ఇతర ఆస్తులలో కూడా మాకు ఎట్టి హక్కు లేదు’ అన్నది మరొకటి. మొదటిదానితో మీ డబ్బు అడిగే ఆధారం పోతుంది, రెండోదానితో ఇల్లు పోతుంది. రెండూ కొట్టేయించి, అమ్మేది ఫలానా నంబర్లలోని ఏడున్నర ఎకరాలు మాత్రమేనని రాయించండి.

అసలు ఉచ్చు ఇంకోటి. చాలాచోట్ల దస్తావేజులో ప్రభుత్వ విలువే వేస్తారు, మిగతాది చేతికి నగదు. ఎకరం 30 లక్షల బేరానికి కాగితం మీద 10 లక్షలు వేశారనుకోండి, మీకు 17 లక్షల 40 వేలకు డీడీ ఇచ్చి ‘మిగతాది తర్వాత చూసుకుందాం’ అంటారు. కాగితం మీద లేని డబ్బును కోర్టులో రుజువు చేయడం దాదాపు అసాధ్యం, పైగా ఆదాయపు పన్ను చిక్కులు వేరే. నిజమైన ధరే రాయమనండి. కుదరదంటే మీరు సంతకం పెట్టే కుర్చీలోంచి లేచిపోవచ్చు, ఆ హక్కు మీకుంది.

అమ్మడం మీకు ఇష్టం లేకపోతే రిజిస్టరు పంపక దస్తావేజు అడగండి. మీ ఎకరం 74 సెంట్లు ఏ వైపు, ఏ నంబరులో, దారి ఎటు, బోరు ఎవరి భాగంలో పడుతుంది, అన్నీ స్కెచ్ వేయించి రాయించుకోవాలి. దారీ నీళ్లూ లేని మూల ముక్క ఆడపిల్లకు కేటాయించడం చూస్తూనే ఉంటాం.

రెండూ కాదంటే లాయరు నోటీసు, తర్వాత పంపక దావా. దావా అంటే గుండె గుభేలుమంటుంది గానీ ఖర్చు విషయంలో మీకు తెలియని వెసులుబాటు ఒకటుంది. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయరును ఇస్తారు, కోర్టు ఫీజు కూడా వాళ్లే చూసుకుంటారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ, కింది కోర్టుల దగ్గర మండల కమిటీ ఉంటాయి. ఫోను నంబరు 15100. దావా వేయకముందే అన్నదమ్ములను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ చేయమని కూడా అక్కడే దరఖాస్తు ఇవ్వొచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత బలం, దానిమీద అప్పీలు లేదు. మాటమీద నిలబడతారన్న నమ్మకం లేని చోట పెద్దమనుషుల పంచాయితీ కన్నా ఇదే మేలు.

నోటీసు రాసేటప్పుడు ఒక్క మాట దగ్గర జాగ్రత్త. ఆవేశంలో ‘నన్ను పొలం నుంచి పూర్తిగా వెళ్లగొట్టారు’ అని రాస్తే, మీ వాటా మార్కెట్ విలువను బట్టి కోర్టు ఫీజు పడుతుంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు దున్నుకుంటున్నా చట్టం దృష్టిలో అది అందరి స్వాధీనమే. ఆ ప్రకారం ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానని చెబితే ఫీజు నామమాత్రం. మీ విషయంలో ఏది నిజమో లాయరుకు చెప్పి, మాట ఎంచుకుని రాయించండి. దావాలో ఆస్తులన్నీ చేర్చాలి, ఇల్లుతో సహా, ఒకటి వదిలేస్తే అదే అవతలివాళ్లకు అభ్యంతరమవుతుంది. హక్కుదారులందరినీ చేర్చాలి. అక్కగారు మీతో కలిసి వేయకపోతే ఆమె పేరు ప్రతివాదుల్లో పెడతారు. అది ఆమె మీద కేసు కాదని ముందే ఆమెకు చెప్పండి, లేకపోతే సమన్లు చూసి కంగారు పడుతుంది. అలా ప్రతివాదిగా ఉండి కూడా ఆమె తన వాటా అడగవచ్చు.

అమ్మకాన్ని ఆపాలంటే దావాతో పాటే ఇంజంక్షన్ పిటిషన్ వేయాలి. సబ్‌రిజిస్ట్రారుకు అభ్యంతరం అర్జీ ఇచ్చి ఊరుకునేవాళ్లు చాలామంది. కోర్టు ఉత్తర్వు లేకుండా అర్జీ చూసి ఆయన రిజిస్ట్రేషన్ ఆపడు. తహసీల్దారు దగ్గర తిరిగినా అంతే, చివరికి సివిల్ కోర్టుకు పొమ్మంటారు. దావా నంబరు పడ్డాక కొన్నవాళ్లు ఎవరైనా ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. అందుకే దావా వేసిన సంగతి పేపరు ప్రకటనగా వేయిస్తే చాలా బేరాలు అక్కడికక్కడే ఆగుతాయి. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రశీదు, అందినట్టు రుజువు దాచండి.

దావా ఏళ్ల తరబడి సాగుతుంది. మొదట ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత కోర్టు పంపిన కమిషనరు వచ్చి కొలతలు వేశాక ఫైనల్ డిక్రీ. అలాగని వాయిదా వేస్తూ పోకండి. వాటా కాదన్నారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లు గడువు. మీకు ఆ సంగతి తెలిసింది ఇప్పుడే కావచ్చు, కానీ 2018 మ్యుటేషన్ నాడే తెలుసని వాళ్లు వాదిస్తారు. 2030 దాటకుండా చూసుకోవడం క్షేమం.

పుట్టిల్లు దూరమవుతుందన్న భయానికి చట్టంలో జవాబు లేదు. ఊరికే వదిలేసినవాళ్ల ఇంటికి అన్నదమ్ములు ఏటా సారె పట్టుకొస్తున్నారన్న దాఖలా కూడా మాకేమీ కనబడదు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం కమతాల్లో ఆడవాళ్లు నడిపేవి నూటికి 14 దాకానే ఉన్నాయంటే, ఈ భయం మీ ఒక్కరిదే కాదని తెలుస్తుంది. కొంత వదులుకోవాలని మీకే అనిపిస్తే అదీ మీ ఇష్టమే. అమ్మగారిని చూసుకుంటున్న తమ్ముడికి ఇంట్లో మీ అయిదో వంతు రాసివ్వొచ్చు. అయితే ఎంత విలువైనది ఇస్తున్నారో తెలిసి, అతనికి తెలియజెప్పి, అమ్మగారు బతికినన్నాళ్లు ఆ ఇంట్లో ఉండే షరతుతో రాయండి.

అమ్మగారి 54 సెంట్లను మర్చిపోకండి. మీ సంతకాల హడావిడిలో ఆవిడ వేలిముద్ర ఎవరూ చూడకుండా పడిపోతుంది. అమ్మకంలో ఆవిడ భాగం 16 లక్షల 20 వేలు. అది ఆవిడ ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతాలో పడాలి, జాయింటు ఖాతాలో కాదు. ఎవరికైనా రాసిస్తానంటే, తనను పోషించాలన్న షరతు దస్తావేజులో రాయించాలి. అది ఉంటే, చూడకపోయిన రోజున 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు.

మీకొచ్చే డబ్బు విషయంలోనూ అదే జాగ్రత్త. తండ్రి నుంచి వచ్చిన ఆస్తికి మీరే పూర్తి యజమాని, అది మీవారి ఖాతాలోకో అత్తవారి అప్పుల్లోకో వెళ్లాలన్న నియమం లేదు.

ఇదే చిక్కులో ఉండి చదువుతున్న మిగతావాళ్లకు: ఈ లెక్క హిందూ కుటుంబాలకే. క్రైస్తవుల్లో వీలునామా లేకపోతే 1925 వారసత్వ చట్టం ప్రకారం కొడుకూ కూతురూ సమానం, ముస్లింలలో కూతురికి కొడుకు వాటాలో సగం. లంబాడీ, కోయ వంటి షెడ్యూల్డ్ తెగల వారికి హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. వాళ్లు ఈ లెక్కతో నోటీసు ఇవ్వకుండా ముందు న్యాయసేవాధికార సంస్థ లాయరుతో మాట్లాడాలి. తెలంగాణలో ఉన్నవాళ్లు మీభూమి బదులు భూభారతిలో రికార్డు చూసుకోవాలి.